పదహారు మెట్లు

మారిషస్ వెళ్తున్నామనగానే మా అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ చింతపండు దొరుకుతుందా?" అని.

అడగవలసిన ప్రశ్నే. మావారికి కంపెనీవాళ్ళు యేడాదిపాటు అక్కడ పని పురమాయించారు. 2018 ఆగస్టులో అత్తగారిని మా మరిదిగారింట్లో దింపి, విజయనగరంలో ఇంటికి తాళం వేసి, మావారూ, నేనూ, తొమ్మిదేళ్ళ మావాడూ విమానం ఎక్కాం. పెట్టెలో బట్టలకంటే చింతపండే ఎక్కువ. తీరా దిగి చూద్దును గదా, ఆ దీవిలో చింతచెట్టు పేరుతో ఓ ఊరూ, ఓ జలపాతమూ కూడా ఉన్నాయి!

మారిషస్ హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కి తూర్పున ఉన్న చిన్న దీవి. 2,000 చదరపు కిలోమీటర్లు కూడా లేదు; అప్పటి మా విజయనగరం జిల్లాలో మూడో వంతుకి తక్కువే. డచ్చివాళ్ళ తరవాత ఫ్రెంచివాళ్ళు ఏలారు. 1810లో వాళ్ళ దగ్గర్నుంచి ఇంగ్లీషువాళ్ళు లాక్కున్నారు. 1968 మార్చి 12న స్వతంత్రం వచ్చింది. ఇంతమంది దొరలు మారినందుకు గుర్తుగా కచేరీలో ఇంగ్లీషు, పత్రికల్లో ఫ్రెంచి, ఇంట్లోనూ బజార్లోనూ క్రియోల్ మిగిలాయి. నాకు వీటిలో వచ్చింది ఒకటి. అది బజార్లో పనికిరాదు.

మొదటి రెండు నెలలూ ఏడుపొక్కటే తక్కువ. ఆగస్టులో చలి, డిసెంబరులో మామిడిపళ్ళు! కాలమే తిరగబడ్డ చోట మనిషికి తోచుబాటు ఎలా ఉంటుంది? మావారు పొద్దున్న వెళ్తే సాయంత్రం రాక. మావాడు బడికి. నేను కిటికీలోంచి కనిపించే కొండని చూస్తూ, సెలవు ఇంకా ఎన్నాళ్ళుందో లెక్కపెట్టుకునే పిల్లలా కేలండరు మీద గీతలు కొడుతూ కూచునేదాన్ని.

మేం ఉన్న ఊరి పేరు కాత్ర్ బోర్న్. ఫ్రెంచిలో నాలుగు హద్దురాళ్ళు అని అర్థం. ఓ రోజు అక్కడి బజార్లో మునగాకు కనబడితే ప్రాణం లేచివచ్చింది. కాని దాన్ని ఏమని అడగను? చేత్తో చూపించి అవస్థ పడుతూంటే పక్కనున్న పెద్దావిడ, "బ్రేద్ మురుం" అని అమ్మేవాడితో చెప్పి, నా బొట్టు కేసీ మంగళసూత్రాల కేసీ చూసి, "తెలుగూ?" అంది.

అవునన్నాను. ఆవిడ తన గుండెమీద చెయ్యి వేసుకుని, "మో తెలుగూ" అంది. అంటే నేనూ తెలుగేనని. ఆపైన నేను గుక్క తిప్పుకోకుండా తెలుగులో మొదలుపెట్టేసరికి ఆవిడ నవ్వి తల అడ్డంగా ఊపింది. ఒక్క ముక్క అర్థం కాలేదన్నమాట. చిత్రమేమంటే ఆవిడ ఇల్లు మా సందు చివరే.

ఆ సాయంత్రమే మనవరాల్ని వెంటబెట్టుకుని వచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల. అక్కడి బళ్ళలో తెలుగు కూడా చెబుతారు. ఆ పిల్ల చేతులు కట్టుకుని నిలబడి, "తమరు ఏ గ్రామమునుండి వచ్చితిరి?" అని అడిగింది. నాకు నవ్వాగలేదు. "మా హస్బెండ్ ఆఫీసు ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాం" అన్నాను. ఆ పిల్ల అందులో తెలుగు మాట ఎక్కడుందా అని వెతుక్కుంటూ మొహం వేలవేసింది. ఈసారి నవ్వు రాలేదు. పక్కనే నా సుపుత్రుడు. తెలుగులో తన పేరు రాయడం కూడా రానివాడు.

మామ్మగారు నన్ను వదిలిపెట్టలేదు. నవంబరు 2న ముగ్గురం బస్సెక్కి పోర్ట్ లూయీ రేవుకి వెళ్ళాం. ఆరోజు అక్కడ సెలవు. బానిసత్వాన్ని ఎత్తేస్తే చెరుకు తోటల్లో పనికి మనుషులు కావలసివచ్చి, 1834లో అదే రోజున మన దేశంనుంచి మొదటి కూలీల్ని ఓడలో దింపారట. తరవాత దాదాపు అయిదు లక్షలమంది ఆ రేవుకి వచ్చారు. అందులో మన విశాఖపట్నం, గంజాం జిల్లాలవాళ్ళూ ఉన్నారు. అయిదేళ్ళ ఒప్పందం మీద వచ్చి చాలామంది అక్కడే ఉండిపోయారు. ఆ చోటుని ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు.

చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. కొన్ని రాతి గోడలు, ఓ పదహారు మెట్లు. ఓడ దిగినవాళ్ళు ఆ మెట్లెక్కే దీవిలోకి అడుగుపెట్టారట. వాటి ముందు మామ్మగారు చెప్పులు విడిచింది. "ఇది గుడి కాదుగా?" అన్నాను. మనవరాలు ఆ మాట ఆవిడకి చెప్పనే లేదు.

తిరిగివస్తూ ఆ పిల్ల ఓ కాగితం చూపించింది. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఆనాటి కూలీల దస్తరాలు భద్రంగా ఉన్నాయి. వాళ్ళ ముత్తాతకి తాత తాలూకు వివరాలు అందులోంచి తెచ్చుకున్నారట. ఒక నంబరు, వయస్సు, ఎత్తు, జిల్లా విశాఖపట్నం. ఊరి పేరు మాత్రం రాసిన దొరకి ఎలా వినబడిందో అలా ఉంది. మా చుట్టుపక్కల మూడు ఊళ్ళకి అతుకుతుంది. "ఇందులో మాది ఏది?" అని అడిగింది మామ్మగారు. ఏమని చెప్పను?

ఏప్రిల్లో ఉగాదికి ఆ దేశమంతా సెలవు. మామ్మగారు పచ్చడి తెచ్చిచ్చింది. అప్పుడు అక్కడ మామిడికాయ ఉండదు. డిసెంబరులో ఉప్పులో వేసి దాచిన ముక్కలు. కాస్త ఉప్పు ఎక్కువైంది గాని, ఆ ముక్కల్ని నాలుగు నెలలు దాచిన మనిషి ముందు ఆ మాట అనలేకపోయాను.

ఆ రోజే ఆవిడ పూజగదిలో సింహాద్రి అప్పన్న పటం చూశాను. తరతరాలుగా వాళ్ళింటి దేవుడట. మా ఊరినుంచి సింహాచలం గంటన్నర ప్రయాణమని చెప్పేసరికి మామ్మగారి కళ్ళు పెద్దవయ్యాయి. దేవుడు యేడాదంతా చందనంలో ఉండి, అక్షయ తదియనాడు నిజరూపం చూపిస్తాడనేదాకా ఆవిడకీ తెలుసు. "నువ్వు ఏటా చూస్తావు కదూ?" అంది.

"చూస్తుంటాం" అన్నాను.

అబద్ధం. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి కారులో కొండెక్కి, వరస చూసి హడలిపోయి, మళ్ళీ అటు వెళ్ళలేదు.

"కొండకి ఎన్ని మెట్లు?" అంది. వాళ్ళకి తెలిసిన మెట్లు పదహారు కదా.

"వెయ్యి" అన్నాను, నోటికొచ్చింది. ఆ పిల్ల వెంటనే నోటుపుస్తకం తీసి అంకె వేసుకుంది! చెప్పొద్దూ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంత దూరాన, అయిదారు తరాల తరవాత, మాటలన్నీ పోయినా దేవుణ్ణీ పచ్చడినీ పోగొట్టుకోనివాళ్ళు. గంటన్నర దూరంలో ఉండి ఏదీ ఎరగనిదాన్ని నేను. మా ఇద్దరిలో పరాయిదేశంలో ఉన్నది ఎవరంటారు?

2019 ఆగస్టులో తిరిగి వచ్చేశాం. చూడవచ్చినవాళ్ళంతా సముద్రం గురించీ, సరుకుల ధరల గురించీ అడిగారు. చెప్పాను. కార్తీకమాసంలో మాత్రం మావాణ్ణి తీసుకుని సింహాచలం వెళ్ళి, కొండ కిందనుంచి కాలినడకన బయల్దేరాను. లెక్క వాడికి అప్పజెప్పాను, తెలుగులోనే. ఆ పిల్ల దగ్గర వాడు అంతో ఇంతో నేర్చుకున్నాడు లెండి. అయినా ఇరవైతొమ్మిది దగ్గర ఆగి, "అమ్మా, థర్టీని ఏమంటారు?" అన్నాడు. ముప్ఫై అని చెప్పాను. నాలుగు వందలు దాటాక ఇద్దరికీ ఆయాసం వచ్చింది, లెక్క తప్పింది. కిందికి దిగి మళ్ళీ మొదలెట్టే ఓపిక లేదు. దర్శనం చేసుకుని వచ్చేశాం.

ఉన్నదున్నట్టు ఆ పిల్లకి ఉత్తరం రాశాను. ఏటా వెళ్తానన్నదీ, వెయ్యి అన్నదీ రెండూ అబద్ధమేననీ, నోటుపుస్తకంలో ఆ అంకె కొట్టెయ్యమనీ.

జవాబు గుండ్రటి అక్షరాల్లో వచ్చింది: "మీ లేఖ అందినది. అవ్వకు చదివి వినిపించితిని. అవ్వ కోపగించలేదు. మరల ఎక్కి లెక్కించుమని చెప్పుచున్నది."

మావాడు ఆ ఉత్తరాన్ని కూడబలుక్కుని తనే చదివాడు. చదివి, "ఎప్పుడెళ్దాం?" అన్నాడు.