వెలిగే మీటలు – వెలగని అక్షరాలు

గత మాసంలో మా పుట్టినరోజునాడు మా అమ్మాయి ఒక పొడవాటి పెట్టెను తెచ్చి మా చేతిలో పెట్టింది. దాని బరువు చూసి ఏదో పంపు విడిభాగమేమో అనుకున్నాము. ముప్పై ఏళ్లుగా యంత్రాలతో సహవాసం చేస్తున్నవారికి తోచే ఊహలు అలాగే ఉంటాయి మరి! విప్పి చూడగా అది కీబోర్డు. మీటల క్రింద దీపాలు వెలిగే మెకానికల్ కీబోర్డు.

ఈ కానుకకు ఒక కారణం ఉన్నది. మా అమ్మగారు టెక్కలి దగ్గరి మా స్వగ్రామంలో ఉంటారు. వయస్సు ఎనభై రెండు. వినికిడి బాగా తగ్గిపోవడంవల్ల ఫోనులో మాట్లాడడం సాగదు. కళ్లజోడు పెట్టుకుంటే పెద్ద అక్షరాలు మాత్రం చక్కగా చదువుతారు. అందుచేత ప్రతి ఆదివారం రాత్రి మేము కంప్యూటరులో ఉత్తరం టైపు చేసి, పెద్ద అక్షరాలలో అచ్చుతీసి, సోమవారం టపాలో వేస్తాము. ఇది పదేళ్లుగా తప్పని నియమం. అయితే గత సంవత్సరం నుంచి మధుమేహం మా కంటిపొరమీద తన ప్రతాపం చూపుతున్నది. రాత్రివేళ మీటలపై గుర్తులు ఆనడం లేదు. ఒక్క ఉత్తరానికి రెండు గంటలు పడుతున్నది. ఇది గమనించే మా అమ్మాయి ఈ వెలుగుల కీబోర్డు తెచ్చింది.

మేము ఉండేది కలకత్తాలో, హుగ్లీ నది ఒడ్డున మెటియాబ్రుజ్‌లో. 1856లో రాజ్యం కోల్పోయిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా వచ్చి స్థిరపడిన చోటు ఇదే. 1887లో ఆయన మరణించగా ఇక్కడి సిబ్తైనాబాద్ ఇమాంబారాలోనే సమాధి చేశారు. నేడు ఈ పేట దర్జీల రాజధాని. ఓస్తాగర్లని పిలిచే దర్జీ మేస్త్రీల ఇళ్లలో రాత్రి ప్రొద్దుపోయేదాకా కుట్టుమిషన్లు నడుస్తూనే ఉంటాయి. ప్రక్కనే గార్డెన్ రీచ్‌లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్నది. మా నాన్నగారు ఆ రైల్వే ఉద్యోగానికే శ్రీకాకుళం నుంచి ఇక్కడికి వచ్చారు. తరువాత మేమూ మన సంస్థ కలకత్తా కార్యాలయంలో కుదురుకుని ఇక్కడే ఉండిపోయాము.

మొదటి రాత్రి కీబోర్డును తగిలించి నాలుగు వాక్యాలు కొట్టామో లేదో, వంటగదిలోనుంచి మా శ్రీమతి, "వీధిలో ఉన్నవి చాలవని ఇంట్లోకి కూడా ఒక కుట్టుమిషను తెచ్చారా?" అని అడిగింది. ఆమె మాటలో అతిశయోక్తి లేదు. మీట మీటకూ టక్కుమనే చప్పుడు. బ్యాంకులలోనూ కార్యాలయాలలోనూ టి.వి.ఎస్. గోల్డ్ కీబోర్డు వాడినవారికి ఆ చప్పుడు పరిచితమే. అదీ ఈ జాతికి చెందినదే.

ఇంజనీరు చేతికి వస్తువు వస్తే దాని కడుపులో ఏమున్నదో చూడకుండా ఉండలేడు. మామూలు కీబోర్డులో మీటలన్నింటి క్రింద ఒకటే రబ్బరు పొర ఉంటుంది. రబ్బరు బొడిపె పూర్తిగా అణగితేనే అక్షరం పడుతుంది. వాడగా వాడగా రబ్బరు మొద్దుబారుతుంది. మెకానికల్ కీబోర్డులో అలా కాదు. ప్రతి మీటకూ విడిగా ఒక స్విచ్చి, అందులో ఒక చుట్టల స్ప్రింగు, రెండు లోహపు పలుకులు ఉంటాయి. మీట మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది. సుమారు సగం దూరం దిగేసరికే సంపర్కం ఏర్పడి అక్షరం పడిపోతుంది. ఆ క్షణంలోనే వ్రేలికి చిన్న మెట్టు దిగినట్లు తెలుస్తుంది. అక్షరం పడినదా లేదా అని తెరవైపు చూడనక్కరలేదు, వ్రేలే చెబుతుంది. చూపు మందగించినవారికి ఇది నిజంగా ఉపకారం.

ఇటువంటి స్విచ్చి 5 కోట్ల నొక్కుళ్లకు ఆగుతుందని తయారీదారులు సాధారణంగా చెబుతారు. ఒక మీటను రోజుకు వెయ్యిసార్లు నొక్కినా సుమారు 137 ఏళ్లు రావాలి. లెక్క వేసి చూసుకుని నవ్వుకున్నాము. మా కళ్లకు అటువంటి హామీ ఎవరూ వ్రాసి ఇవ్వలేదు.

ఇక వెలుగు సంగతి. ప్రతి స్విచ్చి దగ్గర ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపం ఉన్నది. మీట టోపీ నల్లనిది, దానిమీది అక్షరం మాత్రం కాంతిని పోనిస్తుంది. గదిలో దీపం ఆర్పివేస్తే అక్షరాలు దీపావళి ప్రమిదల వరుసవలె కనిపించాయి. చూసి ముచ్చటపడ్డాము. మరుక్షణమే అసలు చిక్కు తెలిసింది. వెలిగేవన్నీ ఇంగ్లీషు అక్షరాలు! మేము వ్రాయవలసినది తెలుగు. మా 'క' ఎక్కడ, మా 'మ' ఎక్కడ?

బజారునుంచి తెలుగు అక్షరాల స్టిక్కర్లు తెప్పించి ఓపికగా అంటించాము. అవి క్రిందినుంచి వచ్చే వెలుగును కాస్తా కప్పివేశాయి. తెలుగు ఉంటే వెలుగు లేదు, వెలుగు ఉంటే తెలుగు లేదు! ఆ ఆదివారం ఉత్తరం సగంలోనే ఆగిపోయింది. చూపు ఇంకా తగ్గితే అమ్మకు ఉత్తరం ఎవరు వ్రాస్తారన్న ప్రశ్న, అంతవరకు పైకి అననిది, ఆ రాత్రి మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. మా అమ్మాయి తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని చదవలేదు, వ్రాయలేదు. ఇక్కడి బడిలో బెంగాలీ చదువుకున్నది. ఉద్యోగం, బదిలీ అంటూ తిరిగి ఆమెకు ఓనమాలు దిద్దించనిది మేమే. ఆ తప్పు మరెవరిదీ కాదు.

మరునాడు ఆమె స్టిక్కర్లను చూసి, "నాన్నా, మీటలు చూసి ఎందుకు కొడతావు? నేను బెంగాలీ చూడకుండానే కొడతాను కదా. నువ్వు చెప్పు, కొడతాను" అని కూర్చున్నది. ఉద్యోగ పరీక్షకోసం ఆమె ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో బెంగాలీ టైపు నేర్చుకున్నది. మేము వాడేదీ ఇన్‌స్క్రిప్టే. భాషను తెలుగుకు మార్చి, "అమ్మా" అని మొదలుపెట్టాము. ఆమె వ్రేళ్లు కదిలాయి. తెరమీద తెలుగు అక్షరాలు పడ్డాయి!

ఇందులో మాయ ఏమీ లేదు. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రమాణీకరించిన అమరిక ఇది. మన లిపులన్నింటికీ వర్ణమాల ఒకటే అన్న సత్యం దీనికి పునాది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి వస్తాయి. కె మీటపై 'క', షిఫ్టుతో 'ఖ'. దానిపై వరుసలోని ఐ మీటపై 'గ', షిఫ్టుతో 'ఘ'. లిపి ఏదైనా ధ్వని చోటు మారదు. 'అమ్మ' అనడానికి రెండే మీటలు చాలు. షిఫ్టుతో డి, ఆపై సి, డి, సి. బెంగాలీ నేర్చిన వ్రేళ్లకు తెలుగు సగానికిపైగా ముందే వచ్చునన్నమాట. ఇంతకాలం ఆ కీబోర్డు వాడుతూ మాకే ఈ సంగతి తట్టలేదు.

అయితే చిక్కులు లేకపోలేదు. హ్రస్వమైన ఎ, ఒలు బెంగాలీ లిపిలో లేవు. 'వ'కు విడి అక్షరం లేదు. ఆ ధ్వని వస్తే బెంగాలీవారు తరచు 'భ' వ్రాస్తారు. అందువల్ల మా ఉత్తరంలో "ఎండ" కాస్తా "ఏండ" అయినది, "వాన" కాస్తా "భాన" అయినది. దిద్దబోతే అమ్మాయి మా చేయి పట్టుకుని, "ఉండనీ, నాయనమ్మ దిద్దుతుంది" అన్నది. అలాగే పంపాము.

పది రోజులకు జవాబు వచ్చింది. వణికే చేతివ్రాతతో మా అమ్మగారు, "ఈ భాన ఏ దేశపు వానే తల్లీ? తడిసినా తెలియలేదు" అని మనుమరాలిని ఆటపట్టించారు. కాగితం అడుగున మాత్రం నవ్వు లేదు. ఎ ఏ, ఒ ఓ, బ భ వ అని పెద్దపెద్ద అక్షరాలు వ్రాసి, "రోజూ పదిసార్లు దిద్దు" అని ఆజ్ఞ వేశారు. గార్డెన్ రీచ్ ఇంటిలో పలకమీద మాకు దిద్దించినది కూడా ఆ చేయే.

ఆ కాగితం ఇప్పుడు కీబోర్డు వెనుక గోడకు అంటించి ఉన్నది. స్టిక్కర్లు పీకివేశాము. ఆదివారం రాత్రి మేము చెబుతాము, అమ్మాయి కొడుతుంది. హ్రస్వమైన 'ఎ'కు జెడ్ మీట, 'ఒ'కు ఒకటో అంకెకు ఎడమనున్న మీట అని ఆమె వ్రేలికి తెలిసిపోయింది. గత వారం ఉత్తరంలో తప్పులు మూడే.

పాఠక మిత్రులకు ఒక మనవి. మనలో అనేకులము స్వస్థలానికి దూరంగా బిడ్డలను పెంచినవారమే. వారికి మన లిపి రాదని బాధపడేముందు వారి వ్రేళ్లకు ఏ లిపి వచ్చునో ఒకసారి అడిగి చూడండి. అది కన్నడమైనా, ఒరియా అయినా, హిందీ అయినా, ఆ వ్రేళ్లు తెలుగుకు సగం దారి వచ్చి ఉండవచ్చు. మిగిలిన సగం నడిపించడానికి పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఆలస్యం చేయవద్దు.