డయ్యూ గుట్టమీద ఖుక్రీ

సోమనాథ దర్శనానికి వెళ్లే మనవారిలో డయ్యూ దాకా పోయేవారు తక్కువ. పోయినవారు సైతం పోర్చుగీసు కోట చూసి వెనుదిరుగుతారు. చక్రతీర్థ తీరాన, చిన్న గుట్టమీద, అద్దాల నడుమ నిలిపిన ఓడ నమూనా ఒకటున్నది. అది ఐ.ఎన్.ఎస్. ఖుక్రీ స్మారకం, 1999లో నెలకొల్పారు.

1971 డిసెంబరు 9 రాత్రి, ఇక్కడికి సుమారు 40 నాటికల్ మైళ్ల దూరాన, పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ప్రయోగించిన టార్పెడో ఆ యుద్ధనౌకను తాకింది. నిమిషాలలో ఓడ మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు అసువులు బాశారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడువక దానితోనే జలసమాధి అయ్యారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రదానం చేశారు.

నాటి పడమటి రణరంగంలో సేవ చేసినవారికి నిర్దేశించిన పతకం పశ్చిమీ స్టార్. ఆ నక్షత్రానికి హోదాల భేదం లేదు. బాయిలర్ల వేడిలో పనిచేసిన నావికునికీ, ఆజ్ఞలిచ్చిన అధికారికీ అదొక్కటే. శౌర్య పురస్కారాల ముందు చిన్నదిగా కనబడవచ్చు గాని, పేరు తెలియని 176 మందిని తలచుకొంటే నా మనసు దానివైపే మొగ్గుతుంది.

అదే పేరుతో 1989లో నౌకాదళంలో చేరిన రెండవ ఖుక్రీ, 32 ఏళ్ల సేవ అనంతరం 2021 డిసెంబరులో మన విశాఖపట్నంలోనే విరమించింది. ప్రదర్శనశాలగా నిలిపేందుకు 2022 జనవరిలో అక్కడినుండే దానిని డయ్యూకు తరలించారు.