గాలి లేని కెరటాలు

వైశాఖం వచ్చిందంటే బరంపురంలో మన తెలుగు ఇళ్ళలో ఒకటే మాట: ఆదివారం గోపాల్‌పూర్ వెళ్ళి వద్దామా? పదహారు కిలోమీటర్ల దూరం. పులిహోర కలుపుకుని, మంచినీళ్ళు నింపుకుని, పిల్లలను బస్సెక్కిస్తే గంటలోపల సముద్రం ఎదుట ఉంటాము. ఊళ్ళో ఎండ మాడు పగలగొడుతున్నా అక్కడ 32, 33 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. చెమట మాత్రం తప్పదు. ఆ ఉప్పుగాలిలో ఉతికిన చొక్కా సాయంత్రానికి కూడా ఆరదు.

సెలవులకు చుట్టాలు దిగే రోజులు ఇవి. మద్రాసునుంచి ఒకరు, పూనానుంచి ఒకరు, కటకంనుంచి ఇంకొకరు. వచ్చిన ప్రతివారూ అడిగేది, "ఇప్పుడు సముద్రం ఎలా ఉంటుందండీ? పిల్లలు దిగవచ్చునా?" అని. ఉగాది వెళ్ళినది మొదలు జూన్ మొదటివారం దాకా చూడడానికి సముద్రం మందంగానే ఉంటుంది. పొద్దున్న వేళ ఆకు కదలదు. నీరు అద్దంలాగా మెరుస్తుంది. పెద్ద పడవలన్నీ గట్టుమీద బోర్లించి ఉంటాయి. ఇంత నెమ్మది రోజులు మరి లేవనిపిస్తుంది. మా అనుభవంలో ఏడాది మొత్తం మీద ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసినవి ఈ నెమ్మది రోజులే. ఎందుచేతనో కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది.

ముందు ఈ తీరం సంగతి. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు రాజధానిలో ఉండేది. గోపాల్‌పూర్ అప్పట్లో రంగూను వెళ్ళే రేవు. మన పెద్దలెందరో ఇక్కడినుంచే బర్మా ఓడ ఎక్కారు. అయితే ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు. కెరటాలు విరిగే చోటికి అవతల, దూరంగా లంగరు వేసుకుని నిలబడేది. మనుషులనూ మూటలనూ మసూలా పడవల్లో చేర్చేవారు. ఆ పడవకు ఇనుప మేకు ఉండదు. పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. కెరటం వచ్చి కొట్టినప్పుడు మేకులు వేసిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ ఒదుగుతుంది. ఇక్కడి కెరటం ఎటువంటిదో ఆ కుట్టే చెబుతుంది. ఒడ్డు వాలు ఎక్కువ. నాలుగడుగులు వేస్తే మోకాలిలోతు, మరి నాలుగడుగులకు నడుము దాటుతుంది. కెరటం దూరంగా విరిగి, నురగై, అలసిపోయి మన కాళ్ళ దగ్గరకు వచ్చే తీరం కాదిది. ఒడ్డు దగ్గరే లేచి, ఒడ్డుమీదే పడుతుంది.

గాలి లేనప్పుడు ఆ కెరటం ఎక్కడిది? ఇదే మా ఇంటి పిల్లలు ప్రతి ఏడూ అడిగే ప్రశ్న. కెరటానికి పుట్టిల్లు మన గాలి ఒక్కటే కాదు. భూమధ్యరేఖకు అవతల, దక్షిణాన చాలా దిగువను, నలభయ్యో అక్షాంశం దాటిన మహాసముద్రంలో ఏడాది పొడుగునా పెనుగాలులు వీస్తూనే ఉంటాయి. మనకు ఎండాకాలం నడుస్తుంటే వాళ్ళకు చలికాలం దగ్గరపడుతూ ఉంటుంది, గాలులు మరింత ముదురుతాయి. అక్కడ లేచిన కెరటం పుట్టించిన గాలిని విడిచిపెట్టి తన దారిన తాను ప్రయాణం చేస్తుంది. పదిహేను సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే పొడుగు కెరటాల గుంపు లోతు నీటిలో గంటకు నలభై కిలోమీటర్ల పైచిలుకు నడుస్తుంది, అంటే రోజుకు వెయ్యి కిలోమీటర్లు. ఏడెనిమిది రోజులు నడిచి మన గట్టు తాకుతుంది. ఈ పూట గోపాల్‌పూర్‌లో మన పాదాలు తడిపే కెరటాన్ని లేపిన గాలి, పోయిన వారం, మనం పేరు కూడా ఎరుగని చోట వీచింది. అందుచేత మన ఆకు కదలకపోవడానికీ కెరటం రాకపోవడానికీ సంబంధం లేదు.

పొట్టి కెరటం ఏదో పొడుగు కెరటం ఏదో తెలుసుకోవడానికి చేతి గడియారం చాలు. ఒక కెరటం విరిగినది మొదలు, దాని తరువాతి పదవ కెరటం విరిగేదాకా ఎన్ని సెకన్లు పట్టినదో చూసి, పదితో భాగించండి. ఏడో ఎనిమిదో వస్తే అది దగ్గరి గాలి లేపిన కెరటం. పద్నాలుగు, పదిహేను వచ్చిందా, అది దూరపు చుట్టం. రెండింటి ఎత్తూ చూడడానికి ఒక్కటే కావచ్చును. కాని పొడుగు కెరటం వెనుక నీరు చాలా ఉంటుంది. అది గట్టుమీదికి ఎక్కువ దూరం ఎక్కుతుంది, దిగేటప్పుడు కాళ్ళకింద ఇసుకను ఊడ్చుకుని పోతుంది. మేము ఒడ్డు చేరగానే చేసే మొదటి పని ఈ లెక్క. పిల్లలకు అది ఆటగా అలవాటయింది. లెక్క పన్నెండు దాటితే పిల్లలు పాదాలు తడుపుకోవడమే, నీటిలోకి దిగడం లేదు. పెద్దవాళ్ళు గొణిగినా ఇది మా ఇంటి చట్టం.

ఇంకొక చిత్రం ఉన్నది. ఈ దూరపు కెరటాలు వరుసగా ఒకే తీరున రావు. ఐదారు పెద్దవి కలిసి వస్తాయి. తరువాత కొన్ని నిమిషాలపాటు, ఒక్కొక్కప్పుడు పది నిమిషాలకు పైగా, సముద్రం చెరువులాగా అయిపోతుంది. మళ్ళీ ఐదారు. ఒక తుఫానులోనే కొంచెం తేడాతో పుట్టిన కెరటాలు ఒకచోట కలిసి పెరుగుతాయి, మరొకచోట ఒకదానినొకటి చంపుకుంటాయి; అందువల్ల ఈ వరుసలూ ఈ విరామాలూ. కొత్తవాళ్ళు ఒడ్డుకు వచ్చి, ఆ విరామాన్ని చూసి, "అబ్బే, ఏమీ లేదు" అని పిల్లవాణ్ణి చంకనెత్తుకుని నడుములోతుకు దిగుతారు. తరువాతి వరుస వాళ్ళకోసం ఆగదు.

గట్టుమీద వల బాగుచేసుకునే ఒక జాలరి పెద్ద మాతో అనే మాట ఇది: "గాలి నేదని సముద్రం నిద్రోతందనుకోకండి బాబూ. కాసేపు కూకుని సూడండి, అప్పుడు దిగండి." ఈ తీరపు మత్స్యకారులలో ఎక్కువమంది తెలుగు మాట్లాడేవారే. ఒడియావాళ్ళు వాళ్ళను నూలియాలంటారు. పూరీలో యాత్రికుల చేయి పట్టుకుని సముద్రస్నానం చేయించేదీ వీళ్ళే. ఆ పెద్ద చెప్పిన "కాసేపు" ఎంత అని మేము అడిగితే, "ఓ సుట్ట కాలేటంత" అన్నాడు. మేము దానిని ఇరవై నిమిషాలుగా తీసుకున్నాము. ఒక వరుస పోయి మరొక వరుస వచ్చేది చూడడానికి ఆ మాత్రం కావాలి.

ఇది ఊరికే బెదిరింపు కాదు. 2024 మే 6న కన్యాకుమారి జిల్లాలో లెమూర్ బీచి అనే చోట అయిదుగురు వైద్య విద్యార్థులు కెరటాలకు కొట్టుకుపోయి మరణించారు. అక్కడ తుఫాను లేదు. దక్షిణ సముద్రంనుంచి వచ్చే పొడుగు కెరటాల గురించి హెచ్చరిక అప్పటికే వెలువడి ఉన్నది. కేరళలో జాలరులు దీనిని కళ్ళక్కడల్ అంటారు, అనగా దొంగలాగా వచ్చే సముద్రం. తీరం నిశ్చింతగా ఉన్నప్పుడు చెప్పకుండా వస్తుందని ఆ పేరు. మనకు అటువంటి ఒక్క మాట లేకపోవడం లోటే అనిపిస్తుంది. మాట ఉంటే పిల్లలకు చెప్పడం సులువు.

హెచ్చరిక ఎవరిస్తారంటే, హైదరాబాదులో 1999లో నెలకొల్పిన ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉన్నది. దేశంలోని తీరమంతటికీ కెరటాల ఎత్తు, వ్యవధి, దిక్కు, నీటి ఉరవడి కొన్ని రోజులు ముందుగా అంచనా కట్టి చెబుతుంది. ఈ రోజుల్లో చేతి ఫోనులోనే చూసుకోవచ్చును. సినిమా టిక్కెట్టు కోసం ఫోను నొక్కే కుర్రవాళ్ళకు ఈ పని అప్పగించండి. ఎత్తు ఒక్కటే చూసి ఊరుకోవద్దని మాత్రం చెప్పండి. "ఒక మీటరు, పదహారు సెకన్లు" అని ఉంటే, ఆ ఒక మీటరును నమ్మరాదు.

నీరు లోనికి లాగే దారుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కెరటాలు ఒడ్డుకు మోసుకువచ్చిన నీరంతా ఎక్కడో ఒకచోట తిరిగి పోవాలి కదా. ఇసుక తక్కువగా ఉన్న చోట కాలువలాగా దారి చేసుకుని వెనక్కు పోతుంది. ఆ దారిలో లోతు ఎక్కువ, అందుచేత అక్కడ కెరటం విరగదు. అటూ ఇటూ తెల్లని నురగ, మధ్యన నల్లగా, నెమ్మదిగా ఉన్న బాట. తల్లిదండ్రులు ఏరికోరి పిల్లలను దింపేది అక్కడే! ఆ బాటలో చిక్కినవారు ఒడ్డుకేసి ఈదితే ఎంత ఈతగాడైనా అలసిపోవడమే. ఒడ్డుకు అడ్డంగా, పక్కకు ఈదాలి. బాట వెడల్పు సాధారణంగా ఎక్కువ ఉండదు. ఈత రానివారు పెనుగులాడకుండా తేలుతూ చేయి ఎత్తి కేక వేయాలి. రక్షించబోయి తామూ పోయిన పెద్దవాళ్ళ కథలు ప్రతి తీరానా ఉన్నవి. తాడో, గాలి నింపిన ట్యూబో విసరవలెనే గాని ఉత్త చేతులతో దూకరాదు.

ఇక గాలి మాట. పొద్దున్న నేలమీదినుంచి సముద్రంకేసి సన్నని గాలి ఉంటుంది, దానివల్లనే నీటికి ఆ అద్దపు నునుపు. కెరటాలమీద పలక వేసుకుని స్వారీ చేసే కుర్రకారు ఈ వేళను ఇష్టపడతారు. నేల కాగిన తరువాత సముద్రపు గాలి తిరుగుతుంది, మధ్యాహ్నానికి నీరంతా చిందరవందర. నాలుగింటికి ఇంకా పెరుగుతుంది. కొన్ని సాయంకాలాలు వాయవ్యంనుంచి నల్లని మబ్బు లేచి, ఒక్క ఉదుటున ఈదురుగాలి, ఉరుము, వాన. ఒడియావారూ బెంగాలీలూ కాలబైశాఖి అంటారు. అరగంట, గంటలో వెళ్ళిపోతుంది. కాని ఆ అరగంట ఖాళీ ఇసుకమీద నిలబడకండి; ఆ చుట్టుపక్కల ఎత్తయినది మనిషి తలే అయితే పిడుగు దానినే వెతుక్కుంటుంది. ఉరుము వినబడగానే కప్పు కిందికి పోవాలి.

మే నెల తుఫాను వేరే రకం. గోపాల్‌పూర్‌ను దెబ్బ తీసిన పెద్ద తుఫానులు ఎక్కువగా అక్టోబరులోవి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ ఈ ఊరి దగ్గరే ఒడ్డెక్కింది. ఆనాడు ఇక్కడికి ఎదురుగా, 50 మీటర్ల లోతున తేలుతున్న కెరటాల బోయా పదమూడున్నర మీటర్ల ఎత్తున్న కెరటాన్ని కొలిచింది. నాలుగంతస్తుల మేడ అనుకోండి. అయితే ఎండాకాలమూ నిరపాయం కాదు. ఫణి 2019 మే 3న పూరీ దగ్గర ఒడ్డెక్కింది, అంటే సరిగా మన సెలవుల రోజుల్లో. తుఫాను వందల మైళ్ళ దూరంలో ఉండగానే దాని పొడుగు కెరటం ముందు వస్తుంది. ఎండ కాస్తూ, గాలి లేక ఉక్కపోస్తూ, కెరటాల వ్యవధి పూటపూటకూ మారుతూ బరువెక్కుతున్నదంటే ఆకాశవాణి పెట్టి వినవలసినదే. రేవు దగ్గర ఎగరేసే గుర్తులు కూడా పిల్లలకు నేర్పదగినవి: 1, 2 దూరాన తుఫాను ఉన్నదని, 3, 4 రేవుకే జాగ్రత్త చెప్పేవి, 5 నుంచి 7 దాకా ప్రమాదం, 8 నుంచి 10 దాకా మహాప్రమాదం, 11 అంటే కబురు తెగిపోయిందని అర్థం. మా తాతగారి తరంవాళ్ళు తిథి వార నక్షత్రాలతోపాటు ఇవి కూడా కంఠతా చెప్పేవారు.

పడవలు బోర్లించి ఉన్నవన్నాము గదా. అది సముద్రానికి భయపడి కాదు. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజను పడవలతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఇంజను లేని తెప్పలకు ఆ కట్టడి లేదు. ఇక్కడ ఇంకొకటి అదనంగా ఉన్నది: రుషికుల్య ముఖద్వారంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేల సంఖ్యలో వచ్చి గుడ్లు పెడతాయి గనుక, అక్కడ నవంబరు 1 నుంచి మే 31 దాకా వేటకు అడ్డు. పెట్టిన నెలన్నర, ఏభై రోజులకు పిల్లలు పైకి వస్తాయి; అదృష్టముంటే ఏప్రిల్, మే నెలల్లో రాత్రివేళ అరచేతిలో పట్టేటంత తాబేటి పిల్లలు నీటికేసి పరుగెత్తడం కనబడుతుంది. దీపాలు వేయకండి, వాటికి దారి తప్పుతుంది. రెండు నెలలు సంపాదన లేని జాలరి ఇంటి సంగతి మాత్రం మనం చేపల ధర పెరిగిందని విసుక్కునేటప్పుడు గుర్తుండదు.

ఆ రుషికుల్య దగ్గరే పోడంపేట అని ఒక ఊరు. దాని ఇళ్ళు సముద్రంలో కలిసిపోయి జనం లోపలికి తరలవలసి వచ్చింది. తుఫాను ఒక్కటే దానికి కారణం కాదు. దక్షిణపు కెరటం ఒడ్డును ఏటవాలుగా తాకి ఇసుకను ఎప్పుడూ ఉత్తరానికి నెడుతూ ఉంటుంది. ఈ తీరాన ఏడాదికి దరిదాపు పది లక్షల ఘనపు మీటర్లు అలా నడుస్తుందని లెక్క. దారిలో ఎక్కడ రాతికట్ట వేసినా దక్షిణపు వైపు ఇసుక మేట వేస్తుంది, ఉత్తరపు వైపు ఒడ్డు తరుగుతుంది. మనం పిల్లలతో ఇసుక గూళ్ళు కట్టే ఆ ఇసుక నిలవ సొమ్ము కాదు, నడుస్తున్న సొమ్ము.

ఈ వేసవికి మా అంచనా ఇది. మే నెలాఖరు దాకా పొద్దున్న ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు ఒడ్డున నడవడానికీ, లెక్క కుదిరితే మోకాలిలోతు స్నానానికీ మంచి వేళ. పున్నమికీ అమావాస్యకూ పోటు ఎక్కువ, ఆ రెండు మూడు రోజులూ బట్టలూ టిఫిను క్యారియర్లూ పైగట్టున పెట్టుకోండి. జూన్ రెండవవారంలో రుతుపవనం తగులుతుంది. అప్పటినుంచి ఆగస్టు దాకా రెండు మీటర్లు దాటే కెరటాలు మామూలే, అది చూడవలసిన సముద్రమే గాని దిగవలసినది కాదు. స్నానానికి నిజంగా నెమ్మదైన రోజులు కావాలంటే తుఫానులు వెళ్ళిన తరువాత, డిసెంబరు, జనవరి నెలల్లో రండి. జూన్ 15న పడవలు నీళ్ళలోకి తోస్తారు. సరిగా కెరటం లేచే రోజులవి. ఆ తోపుడు చూడాలనుకునేవారు తెల్లవారకముందే గట్టు చేరుకోవాలి.