కల్యాణపురము

తీర్థయాత్రలను గూర్చి మీరు పెక్కు చదివియుందురు. మేము వ్రాయబోవునది తీర్థము కాదు. గౌతమీతీరమున నున్న యానామను చిన్న పట్టణము. మా అత్తగారి మేనత్తకు 1932లో పెండ్లి జరిగినది అచ్చటనే. అప్పటి కామె కేడేండ్లు. ఆ చోటు చూడవలెనని మాకు చిరకాలముగా కోరిక.

గత సంక్రాంతి సెలవులలో మావారితోను, తొమ్మిదేండ్ల మా అమ్మాయితోను కోనసీమనుండి బయలుదేరి, యెదుర్లంకకడ గౌతమిని దాటితిమి. 2002లో వారధి యేర్పడినందున బస్సు దిగకుండనే యావలి యొడ్డు చేరితిమి. మామ్మగారి నాట పడవయే దిక్కు.

యానాము వచ్చినదని తెలుపుటకు కొండయు లేదు, కోటయు లేదు. అవే కొబ్బరిచెట్లు, అదే తెలుగు. చుట్టును ఆంధ్రదేశమే యైనను, సుమారు 30 చదరపు కిలోమీటర్ల యీ నేల నేటికిని పుదుచ్చేరి పాలనలోనిది. మన పెద్దలు పరాసులని పిలిచిన ఫ్రెంచివారు 1723లో ఇచ్చట వర్తకశాల పెట్టి, 1727లో విడిచి, 1731లో మరల తెఱచిరి. వారిని రప్పించినది మన సాలెల నేతబట్టయే. చేరువనున్న యింజరమున ఆంగ్లేయులకును బట్టల వర్తకశాల యుండెడిది. 1758లో చందుర్తికడ ఫ్రెంచివా రోడిన పిమ్మట యానాము పలుమాఱులు చేతులు మాఱి, పందొమ్మిదవ శతాబ్దారంభమున తుదకు వారికే దక్కెను.

కతోలికుల పాత దేవాలయమును చూచితిమి. మీసములతో వెలసిన వేంకటేశ్వరుని సేవించితిమి. ఆ స్వామిని ఊరివారు మీసాల వెంకన్న యందురు. విదేశపు సరకులకై చుట్టుప్రక్కల జనము మూగెడు మంగళవారపు సంత ముచ్చట్లును వింటిమి. కాని మా మనస్సు ఆ ఊరి మఱియొక పేరుమీదనే యుండెను. యానామును కల్యాణపురమనియు నందురు.

ఆ పేరు వినుటకు మంగళకరమే. వెనుకటి కథ యట్టిది కాదు. హరవిలాస శారదాగారి పేర ప్రసిద్ధమైన బాల్యవివాహ నిరోధక శాసనము 1929లో పుట్టి, 1930 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చెను. పదునాలుగేండ్లు నిండని బాలికకు వివాహము చేయుట నేరమయ్యెను. ఆ శాసనము ఆంగ్లేయుల సీమకే చెల్లును. ఫ్రెంచివారు తమ సీమలో హిందువుల వివాహాదులను వారి యాచారమునకే విడిచిరి. కాబట్టి తల్లిదండ్రులు పసిపిల్లల నెత్తుకొని యేఱు దాటి, యానాములో పెండ్లి చేసికొని, మరల యిండ్లు చేరిరి. 1881లో వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించిన గోదావరి సీమలోనే, ఏబదేండ్లకు ఇది జరిగెనని తలచిన విచారము కలుగును.

మామ్మగారికి పెండ్లి ముచ్చట్లు రెండే జ్ఞప్తి యుండెడివి. ఒకటి, పడవలో నిద్రలేచి చుట్టును నీరు చూచి యేడ్చుట. రెండవది, మరునాడు పలక పట్టుకొని బయలుదేరగా, "పెండ్లియైన పిల్లకు బడియేమి?" యని తల్లి పలక లాగికొనుట. సంతకము తప్ప ఆమె మఱేమియు నేర్వలేదు. మేము భాగవతము చదువుచుండగా ప్రక్కన కూర్చుండి, పుటపై వ్రేలు పెట్టి, "ఇది యే యక్షరమమ్మా?" యని యడిగెడివారు. తొంబది దాటిన పిదపను అడుగుట మానలేదు.

సాయంకాలమున ఏటియొడ్డున కూర్చుండి యీ కథ మా అమ్మాయికి చెప్పితిమి. "మామ్మగారు అప్పుడు నాకంటె చిన్నవారా?" యని యడిగి, పిల్ల చాలసేపు మాటలాడలేదు. మావారును నీటివంక చూచుచుండిరి.

1954 జూన్ 13న యానాములో ఫ్రెంచివారి పాలన ముగిసెను. నేడు దేశమంతటను బాలికకు పదునెనిమిదేండ్లు నిండవలెనని శాసనము. అయినను పదవ తరగతి ముగియకుండనే సంబంధములు వెదకు తల్లులను మన వీథిలోనే చూచుచున్నాము. వారికి యానామక్కఱలేదు, ఇరుగుపొరుగువారు నోరు మెదపకున్న చాలును.

తిరిగి వచ్చినదాదిగా మావారి బడిలో ఏ యాడుపిల్లయైనను వరుసగా మూడు దినములు రాకున్న, మేము వారి యింటికి పోయి కారణ మడుగుచున్నాము. కొందఱు విసుగుకొనుచున్నారు. ఇద్దఱు పిల్లలు మాత్రము మరల బడికి వచ్చుచున్నారు.