కంచె ఖర్చులో సర్కారు వాటా

డాలస్‌కు ఉత్తరాన గ్రేసన్, ఫానిన్ కౌంటీల వైపు పదో పదిహేనో ఎకరాలు కొన్న తెలుగువాళ్లు ఒకచోట చేరితే ముందుగా వచ్చే ముచ్చట పన్ను గురించే. టెక్సాస్‌లో సాగుభూమికి మార్కెట్ ధర మీద కాక, ఆ నేల ఇవ్వగల రాబడి మీద పన్ను కడతారు. మనవాళ్లందరూ దీన్ని ‘యాగ్ ఎగ్జెంప్షన్’ అంటారు. అది దక్కాలంటే గత ఏడేళ్లలో ఐదేళ్లయినా అక్కడ సేద్యమో పశుపోషణో జరిగి ఉండాలి. అందుకని పక్క రాంచ్ వాళ్ల ఆవుల్ని మేతకు తోలుకోమంటారు, లేదంటే ఎవరితోనో గడ్డి కోయించి కట్టలు కట్టిస్తారు. పన్ను కాగితం వచ్చినప్పుడు మిగిలిన డాలర్లు లెక్కపెట్టుకుంటారు. ఆ నేల ఎలా ఉంది, దానికేం కావాలి అన్న ప్రశ్న ఆ కబుర్లలో వినపడడం అరుదు.

నిజానికి ఆ నేల మనకు కొత్తది కాదు. బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీ అని పిలిచే ఆ ప్రాంతమంతా నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది, వాన పడితే చెప్పును పట్టుకుని వదలదు. మన రేగడినీ ఆ రేగడినీ మట్టి శాస్త్రజ్ఞులు వర్టిసాల్స్ అనే ఒకే తరగతిలో చేర్చారు. ఒంగోలు దగ్గరి పల్లె నుంచి వెళ్లి ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న ఒకాయన, తాను కొన్న పొలంలో నడుస్తూ ముళ్ల తుప్పల్ని చూడగానే పోల్చుకున్నాడు. అక్కడ వాటిని మెస్కీట్ అంటారు. మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. ఊళ్లో చెరువు గట్లనూ బంజర్లనూ కమ్మేసిన చెట్టు సముద్రాలు దాటినా తనను వదల్లేదని నవ్వుకున్నాడు. ఆయనకు తెలియనిదల్లా ఒకటే. పచ్చికను మింగేస్తున్న ఆ తుప్పల్ని తీయించడానికి అమెరికా ప్రభుత్వం ఖర్చులో వాటా భరిస్తుంది.

ఆ మాట చెప్పింది పక్క పొలం రాంచరు. మనాయన అప్పటికే కంచె వేసే కాంట్రాక్టరు దగ్గర ధర కనుక్కుని, బయానా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. ముందు కౌంటీ ఆఫీసుకు వెళ్లి రమ్మన్నాడు ఆ ముసలాయన.

ఆ ఆఫీసు అమెరికా వ్యవసాయ శాఖవారి సర్వీస్ సెంటర్. ఒకే కప్పు కింద సాధారణంగా రెండు సంస్థలుంటాయి. ఒకటి ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ. పొలానికి నంబరు ఇచ్చేది, రైతు ఆదాయ పత్రాలు చూసేది అదే. రెండోది నేచురల్ రిసోర్సెస్ కన్జర్వేషన్ సర్వీస్, పొట్టిగా ఎన్‌ఆర్‌సీఎస్. మట్టి కొట్టుకుపోకుండా, నీరు చెడకుండా, పచ్చిక పలచబడకుండా రైతు చేసే పనులకు సలహా, డబ్బు ఇచ్చేది ఈ రెండోది. అందులో పెద్ద పథకం ‘ఎన్విరాన్‌మెంటల్ క్వాలిటీ ఇన్సెంటివ్స్ ప్రోగ్రామ్’. రైతులందరూ ఈక్విప్ అంటారు. 1996 ఫార్మ్ బిల్లులో పుట్టింది.

పనికి అయ్యే అంచనా ఖర్చులో 75 శాతం దాకా ఈక్విప్ ఇవ్వవచ్చు. సేద్యంలోకి వచ్చి పదేళ్లు దాటని కొత్త రైతుకు, తక్కువ వనరులున్న రైతుకు, మాజీ సైనికుడికి అది 90 శాతం దాకా వెళ్తుంది. తెలుగువాళ్లలో భూమి కొన్నవాళ్లు చాలామంది ఈ కొత్త రైతు లెక్కలోకే వస్తారు. జాతి కారణంగా వెనుకబడిన రైతులు అన్న వర్గం కూడా ఒకప్పుడు ఉండేది, ఆసియా మూలాల వాళ్లు అందులోకి వచ్చేవారు. 2025 జులైలో వ్యవసాయ శాఖ జాతి, లింగం ఆధారంగా చూసే ఆ పద్ధతిని తీసేసింది. కొత్త రైతు సౌకర్యం మాత్రం మిగిలింది.

అయితే ఈ వ్యవహారంలో డబ్బు చివర వస్తుంది. ముందు వచ్చేది మనిషి. ఎన్‌ఆర్‌సీఎస్ ఉద్యోగి పొలానికి వచ్చి రైతుతో పాటు నడుస్తాడు. ఎక్కడ నీరు పారి గాడి పడింది, ఏ మూల ఆవులు మరీ దగ్గరగా మేసేశాయి, ఏ గడ్డి మిగిలింది అని చూస్తాడు. తర్వాత ప్రణాళిక రాస్తాడు. ఇంతవరకూ రైతుకు పైసా ఖర్చు లేదు, పథకంలో చేరకపోయినా ఆ సలహా ఉచితమే. మనాయన పొలం చుట్టూ కంచె కావాలనుకుని వెళ్లాడు. ఆఫీసులో అడిగిన ప్రశ్న వేరు: ఆవులు ఏడాది పొడుగునా ఒకే చోట మేస్తుంటే గడ్డి కోలుకునేదెప్పుడు? వాళ్ల దృష్టి హద్దు కంచె మీద కాదు, పచ్చికను నాలుగైదు ముక్కలు చేసే అడ్డుకంచె మీద. ఒక ముక్కలో మేపి, తరువాతి ముక్కకు తోలి, మొదటిదానికి విశ్రాంతి ఇవ్వడం అసలు పని. సగం మేపు, సగం వదులు అన్నది అక్కడి రాంచర్ల లెక్క. ప్రతి ముక్కలోనూ పశువులకు నీళ్లు అందాలి కనుక పైపులైనూ తొట్టీ కూడా ప్రణాళికలోకి వస్తాయి. కంచె, పైపు, తొట్టి, తుప్పల తొలగింపు, మేత క్రమం అన్నిటికీ విడివిడిగా నంబర్లు, కొలతలు ఉన్నాయి. కంచెది 382, తొట్టిది 614. తీగ ఎంత మందం, గుంజకూ గుంజకూ ఎంత దూరం అన్నదీ కాగితం మీద ఉంటుంది.

పని అయ్యాక వాళ్లు వచ్చి కొలిచి, ప్రమాణానికి సరిపోయిందంటేనే చెక్కు. ఆ చెక్కు కూడా రైతు చూపించిన బిల్లుల్ని బట్టి రాదు. అడుగుకు ఇంత, ఎకరాకు ఇంత అని రాష్ట్రానికో రేట్ల పట్టిక ఉంటుంది. ఇనుము ధర పెరిగితే ఆ భారం రైతుదే. చౌకగా ముగించుకోగలిగితే లాభమూ రైతుదే. ఈ ఏర్పాటు బాగుంది. బిల్లులు పెంచి రాయించుకునే చాకచక్యానికి ఇక్కడ పెద్దగా చోటు లేదు. ఇంకో మెలిక కూడా ఉంది. కంచె కట్టిన తర్వాత ఇరవై ఏళ్లు నిలబెట్టుకునే బాధ్యత రైతుది, ఎందుకంటే దాని ఆయుష్షు అంతని పుస్తకంలో రాసి ఉంది.

ఈ ‘ఖర్చులో వాటా’ ఆలోచన వెనుక దుమ్ము తుఫాన్ల చరిత్ర ఉంది. 1930లకు ముందు దక్షిణ మైదానాల్లో గడ్డినేలను దున్నేసి గోధుమ వేశారు. 1930లలో వానలు ముఖం చాటేసేసరికి ఆ మట్టి గాలికి లేచింది. 1935 ఏప్రిల్ 14న వచ్చిన నల్ల తుఫాను రోజును అక్కడివాళ్లు ఇప్పటికీ బ్లాక్ సండే అంటారు. అప్పటికే మట్టి కోత గురించి ఊరూరా అరుస్తున్న హ్యూ హామండ్ బెన్నెట్ అనే అధికారి, సెనేట్ కమిటీ ముందు మాట్లాడుతూ మైదానాల దుమ్ము వాషింగ్టన్ చేరేదాకా తన వాంగ్మూలాన్ని సాగదీశాడని ఒక కథ చెప్పుకుంటారు. కథలో అతిశయం ఎంతున్నా, అదే ఏప్రిల్ 27న మట్టి సంరక్షణ చట్టం వచ్చింది, దాని కింద ఏర్పడిన సంస్థకు బెన్నెట్ మొదటి అధిపతి అయ్యాడు. ఎన్‌ఆర్‌సీఎస్ దాని ఇప్పటి పేరే, 1994లో మార్చారు.

మట్టిని కాపాడినందుకు రైతు చేతికి డబ్బు ఇవ్వడం మాత్రం ఒక కోర్టు తీర్పు పుణ్యం. పంట తగ్గించుకున్న రైతులకు సొమ్ము ఇచ్చే రూజ్‌వెల్ట్ చట్టాన్ని 1936 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. పంట తగ్గించమని డబ్బు ఇవ్వకూడదంటే, మట్టిని కాపాడమని ఇద్దామన్నారు. రెండు నెలలు తిరక్కుండానే కొత్త చట్టం తెచ్చారు. రైతు సగం, సర్కారు సగం అనే పద్ధతి అలా నిలదొక్కుకుంది. ధర్మం కోసం మొదలైనదా, దారి మార్చుకోవడానికి మొదలైనదా అంటే రెండూ అనాలి.

న్యూజెర్సీ లాంటి చలి రాష్ట్రాల్లో తెలుగువాళ్లకు ఈక్విప్ ఇంకో రూపంలో పనికొస్తుంది. పైపు కమ్మీల మీద ప్లాస్టిక్ పరచిన పందిరి, అంటే హై టనెల్, 2010 ప్రాంతం నుంచి ఈ పథకంలోకి వచ్చింది. మంచు పడితే నల్లబడిపోయే గోంగూర, బెండ, దోస లాంటివాటికి ముందూ వెనకా మరికొన్ని వారాలు దొరుకుతాయి. పందిరి కింద కుండీలు పెట్టి పెంచుతామంటే మాత్రం కుదరదు, నేలలోనే పెంచాలి. ట్రాక్టరు దాచుకునే షెడ్డుగా వాడుకోవడం కూడా కుదరదు. సర్కారు డబ్బు మట్టి కోసం వచ్చింది కదా!

ఇంతవరకూ వింటే అమెరికాలో అడిగిన రైతుకల్లా కంచె వేసి ఇస్తారనిపిస్తుంది. అలా లేదు. ఇన్‌స్టిట్యూట్ ఫర్ అగ్రికల్చర్ అండ్ ట్రేడ్ పాలసీ అనే సంస్థ లెక్క ప్రకారం 2010 నుంచి 2020 దాకా ఈక్విప్‌కు దరఖాస్తు చేసినవాళ్లలో 31 శాతానికే ఒప్పందం దక్కింది. దరఖాస్తు ఏడాదంతా తీసుకుంటారు, మార్కులు వేసి వరుసలో పెడతారు, డబ్బు అయిపోయిన చోట గీత గీస్తారు. నిధుల్లో సగం పశువుల సంబంధమైన పనులకు వెళ్లాలని 2018 చట్టం. దాని నీడలో వేలాది పందుల్నీ ఆవుల్నీ ఒకచోట కుక్కే పెద్ద కంపెనీల పేడ గుంతలకూ డబ్బు పోతోందన్న విమర్శ పాతదే, న్యాయమైనదే. 2022లో బైడెన్ ప్రభుత్వం తెచ్చిన చట్టం ఈక్విప్‌కు అదనంగా 845 కోట్ల డాలర్లు కేటాయించడంతో చాలామందికి ఆశ పుట్టింది.

ఆ ఆశకు దెబ్బ 2025 జనవరిలో తగిలింది. కొత్త ప్రభుత్వం వస్తూనే ఆ చట్టం కింది చెల్లింపుల్ని ఆపేసింది. ఒప్పందం చేసుకుని, చేతి డబ్బో బ్యాంకు అప్పో పెట్టి పని పూర్తి చేసిన రైతులు చెక్కు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు. ఫిబ్రవరి 20న వ్యవసాయ మంత్రి బ్రూక్ రాలిన్స్ రెండు కోట్ల డాలర్లు విడుదల చేస్తున్నామన్నారు. ఆగిపోయిన మొత్తం ముందు అది చాలా చిన్నది. అదే ఏడాది ఎన్‌ఆర్‌సీఎస్ ఉద్యోగులూ పెద్ద సంఖ్యలో వెళ్లిపోయారు. పొలానికి వచ్చి నడిచే మనిషే లేకపోతే ఈ పథకానికి కాళ్లు లేనట్టే.

మన డ్రిప్ రాయితీతో పోల్చుకుంటే అమెరికా పద్ధతి బలమూ బలహీనతా రెండూ తెలుస్తాయి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ రైతులకు నూరు శాతం, బీసీలకూ చిన్న, సన్నకారు రైతులకూ తొంభై, మిగిలినవాళ్లకు ఎనభై శాతం రాయితీ అని పథకం. రైతు తన వాటా కడితే చాలు, కంపెనీ వచ్చి పైపులు బిగిస్తుంది, మిగతాది సర్కారు నుంచి కంపెనీ వసూలు చేసుకుంటుంది. పేద రైతు మొత్తం ఖర్చు ముందే భరించనక్కర్లేదు. అది మన పద్ధతిలోని పెద్ద మేలు. కానీ ఆ పొలానికి డ్రిప్ ఒక్కటే మందా, గట్టు వేయాలా, జీలుగ చల్లాలా అని రైతుతో కూర్చుని మొత్తం ప్రణాళిక రాసే ఆనవాయితీ మనకు తక్కువ. అమెరికా పద్ధతిలో ప్రణాళిక ఉంది, కానీ జేబులో ముందే డబ్బున్నవాడికే నడక సులువు. కొత్త రైతులకు సగం సొమ్ము ముందుగా ఇచ్చే వీలుంది, అది 90 రోజుల్లో ఖర్చు పెట్టాలి. ఆ మాట అడిగితేనే చెప్పే ఆఫీసులు ఉన్నాయి కాబట్టి అడగడం మంచిది.

టెక్సాస్‌లో గానీ మరెక్కడైనా గానీ భూమి కొన్నవాళ్లు, కొనబోతున్నవాళ్లు కంచె కాంట్రాక్టరుకు బయానా ఇవ్వకముందే తమ కౌంటీ సర్వీస్ సెంటర్‌కు ఒకసారి వెళ్లాలి. ఫార్మ్ నంబరు తీసుకోవాలి, పొలం నడవడానికి రమ్మని అడగాలి. వచ్చిన డబ్బుకు మరుసటి ఏడాది 1099-జీ కాగితం వస్తుంది, పన్నుల లెక్కలు చూసేవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒప్పందం మీద రెండు పక్షాల సంతకాలూ పడేదాకా పని మొదలుపెట్టకూడదు. విడిగా రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క గుంజ పాతినా ఆ పనికి సర్కారు వాటా రాదు.