మంచాన పడ్డ నెలలకూ బీమా ఉండాలి

మా ఆయన తాటిచెట్టు మీంచి పడ్డప్పుడు అందరూ అడిగింది ఆపరేషన్ ఖర్చు గురించే. తొడ ఎముక విరిగింది, వెన్నులో ఒక పూస నలిగింది. ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కార్డు మీద అయిపోయింది. మమ్మల్ని కుంగదీసింది ఆ తరవాతి నెలలు. కల్లు గీస్తేనే గడిచే ఇల్లు మాది. ఆయన్ని లేపి కూర్చోబెట్టడానికి నేను పక్కనే ఉండాలి, దాంతో నా మిరపకోత కూలీ కూడా పోయింది. పైగా ఫిజియోథెరపీకి నందిగామ దాకా ఆటో కిరాయి.

అప్పు చేయక తప్పలేదు. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తామన్నారు. అంటే రెండు లక్షలకు నెలకు 6,000. బంగారం మీద బ్యాంకు తొమ్మిది శాతానికి ఇస్తే 1,500. మెడలో పసుపుతాడు కట్టుకుని, నాంతాడు జగ్గయ్యపేట బ్యాంకులో పెట్టా. అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకుంది. అర ఎకరం అమ్మేయమన్నవాళ్ల మాట మాత్రం వినలేదు. లేచి నడిచాక ఆయన చేసుకోవడానికి ఏదో ఒకటి మిగలాలి కదా.

అప్పట్లో ఆరోగ్య ఆసరా ఉండేది. 2019 డిసెంబరులో మొదలైన ఆ పథకంలో కోలుకునే రోజులకు రోజుకు 225, నెలకు 5,000 మించకుండా ఇచ్చేవారు. మాకు బియ్యం, పాలు దానితోనే గడిచాయి.

ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా అందరూ కట్టాల్సిందే. మనిషి పోయినా, రెండు కాళ్లూ పోయినా 2 లక్షలు, ఒక కాలు పోతే లక్ష. కానీ విరిగి అతుక్కున్న ఎముకకు అందులో ఏమీ రాదు. అందుకే, కల్లు గీసే మా మరిది పేరున 2021 ఏప్రిల్‌లో వచ్చిన సరళ్ సురక్షా బీమా తీసుకున్నా. కొంత ఎక్కువ ప్రీమియం కడితే, పని చేయలేని ప్రతి వారానికీ బీమా మొత్తంలో 0.2 శాతం ఇస్తారు. పది లక్షలకు వారానికి 2,000.

"వ్యవసాయం అని రాద్దామమ్మా, ప్రీమియం తగ్గుద్ది" అన్నాడు ఏజెంటు. గీత వృత్తి అనే రాయించా. ఎత్తు మీద చేసే పనిని దాస్తే క్లెయిం నిలవదు.

ఆయన ఇప్పుడు నడుస్తున్నారు, అర ఎకరంలో కూరగాయలు పండిస్తున్నారు. మరిది ఇంకా చెట్టెక్కుతున్నాడు. పక్కనే తెలంగాణలో 2024 జులై నుంచి, చెట్టు మీంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్షా కవచం కిట్లు ఇస్తున్నారు. మన గీత కార్మికులకూ అలాంటివి కావాలి. మరిది ప్రీమియం మాత్రం తాటికల్లు రోజులు రాకముందే నేనే కట్టేస్తున్నా.