కాపాడేవారిని కాపాడేదెవరు?

కిందటి ఏప్రిల్‌లో మా కళాశాల ఆవరణలో అగ్నిమాపక వారోత్సవ ప్రదర్శన జరిగింది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టైకిన్ అనే ఓడ పేలినప్పుడు అసువులు బాసిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది స్మారకార్థం ఏటేటా జరిగే వారోత్సవమది. ప్రదర్శన ముగియవచ్చే వేళ మా ఇంటర్ విద్యార్థి ఒకడు లేచి, "సార్, లోపల మీరే పడిపోతే మిమ్మల్నెవరు తెస్తారు?" అని అడిగాడు. పిల్లలందరూ గొల్లున నవ్వారు. దళాధికారి మాత్రం నవ్వలేదు.

ఆయన పూర్తి సామగ్రి ధరించిన ఒక యువకుణ్ణి నేలపై పడుకోబెట్టి, "లెక్చరర్ సార్, ఒకసారి మీరు లాగి చూడండి" అన్నారు. చంకల క్రింద చేతులు వేసి లాగాను. మనిషి కదలలేదు సరికదా, వీపుమీది గాలి సిలిండరు పట్టీలు పైకి జారి అతని మెడకు అడ్డం పడ్డాయి. విద్యార్థుల యెదుట నా బలమెంతో తేలిపోయింది!

అధికారి నడుముపట్టీ విప్పి, కాళ్ల మధ్యగా తెచ్చి మళ్లీ బిగించారు. ఇక పట్టీలు జారవు. ఒకరు భుజంపట్టీ పట్టి లాగగా, మరొకరు మోకాళ్ల వద్ద ఎత్తి నెట్టగా, ఆ బరువు నేలబారుగా సాగిపోయింది. "భుజాన వేసుకొని పరుగెత్తడం సినిమాలలో, సార్. వేడీ పొగా పైనే ఉంటాయి. నిలబడితే మీరూ పడతారు. లాగడానికి ముందు అతని సిలిండరులో గాలి ఎంత ఉన్నదో చూడాలి" అన్నారు. కదలిక అరనిమిషం ఆగితే దానంతటదే కీచుమని మోగే చిన్న యంత్రాన్ని కూడా చూపారు. చీకటిలో మనిషి జాడ తెలిపేది ఆ మోతే.

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. తరువాత కొంత చదివాను. 2001లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో ఒక సూపర్‌మార్కెట్ తగలబడి, అగ్నిమాపకుడొకడు మరణించాడు. పిమ్మట అక్కడి శాఖవారు పెద్ద భవనాలలో పదే పదే అభ్యాసాలు జరిపి చూడగా, పడిపోయిన ఒక్కనిని వెలికి తేవడానికి సుమారు 12 మంది, 21 నిమిషాలు కావలసి వచ్చిందట. వెళ్లిన ప్రతి అయిదుగురిలో ఒకరు తామే చిక్కులో పడ్డారట. వీపున మోసే గాలి అంతసేపు వస్తుందన్న భరోసా ఏది?

అంతకు ముందే, 1999 డిసెంబరు 3న, వూస్టర్ పట్టణంలో పాడుబడిన శీతల గిడ్డంగి అంటుకుంది. లోపల నిరాశ్రయులున్నారేమోనని ఇద్దరు వెళ్లి పొగలో దారి తప్పారు. వారిని వెదకబోయి మరి నలుగురు తిరిగి రాలేదు. ఆ నిరాశ్రయులు అంతకు ముందే బయటపడ్డారు. మిగిలినవారు ఇంకా లోపలికి ఉరకబోతుంటే, ద్వారం వద్ద అధికారి ఒకరు అడ్డుగా నిలిచి, ఇక ఎవ్వరూ పోరాదని ఆపివేశారు.

ఈ సంగతి మొన్న మా పట్టణపు దళాధికారికి చెప్పి, "మీరైతే అలా ఆపగలరా?" అని అడిగాను. ఆయన చాలాసేపు గొట్టం చుట్టుతూ ఉండిపోయారు. చివరకు, "నా కుర్రాళ్లను ఆపగలను, సార్. నన్ను నేనే ఆపుకోవాలి" అన్నారు.